వదిన కొలత

వదిన మీద నాకు కుళ్లని అమ్మ తేల్చేసింది. నిజమే. కానీ అది వదిన నగలు చూసి అనుకుంటోంది అమ్మ. నా కుళ్లంతా వెంట్రుక మందాన్ని కూడా కొలిచే ఆ మైక్రోమీటరు వదిన చేతిలో ఉన్నందుకు.

మూతబడిన మా రాతిపలకల షెడ్డులో అన్న సరదాకి ఇనుము చెక్కే లేత్ మిషను పెట్టుకుని బొమ్మ ఇంజన్లు చేస్తాడు. కొలవడం నాకూ వదినకూ ఒకేసారి నేర్పాడు. నా కొలత ఎప్పుడూ రవ్వంత తేడా వస్తుంది. ప్రసన్న వదినది ఎప్పుడూ సరిగ్గా వస్తుంది.

"బీటెక్ చదివి ఏం లాభమే? మీ వదిన చేయి చూసి నేర్చుకో," అంటాడు అన్న.

ఇవాళ ఆ చేతినే చూస్తూ కూర్చున్నాను. అన్న కొత్త ఇరుసు ఇచ్చాడు. వదిన మైక్రోమీటరు బిగించి, గీతలు చూడకుండా అతని మొహం చూసింది.

"ఎంత రావాలండీ?"

"పది మిల్లీమీటర్లు."

"పదే వచ్చింది."

అన్న మురిసిపోయాడు. నేను అందుకుని కొలిచాను. పదికి తక్కువే ఉందని చెప్పాను. అన్న ఇంజన్లన్నీ ఎందుకు గడగడలాడతాయో అప్పుడు అర్థమైంది.

"మళ్లీ మొదలుపెట్టినావా?" అన్నాడు అన్న.

ఇరుసును పనికిరాని ముక్కల డబ్బాలో పడేశాను.

"ఇంకనుంచి నేనే కొలుస్తా. ఎంత రావాల్నో ముందు చెప్పొద్దు."