తవ్వెడు బియ్యం

ప్రవళిక ల్యాప్‌టాప్ తెరవగానే నర్సక్క కుక్కర్ తెచ్చి పొయ్యి మీద పెట్టింది.

"నాయినమ్మా, ఇంకో అర్ధగంటల ఇంటర్వ్యూ ఉంది. గిప్పుడే పెట్టాల్నా?"

"పప్పు ఉడకద్దా బిడ్డా? పచ్చిపప్పు తింటవా మరి?"

ప్రవళిక నైటీ మీదే ఇస్త్రీ చొక్కా తొడుక్కుంది. కెమెరాలో కనిపించేది నడుము దాకానే.

ఇంటర్వ్యూ అంటే నర్సక్కకు గుండెదడ. సెలెక్షన్ అయిందంటే ప్రవళిక హైదరాబాద్ వెళ్లిపోతుంది. కంపెనీ వాళ్లు ఆ మాట ముందే చెప్పారు. కోరుట్ల బస్టాండులో నర్సక్క ఇప్పటికే మొగుణ్ణి మస్కట్‌కు సాగనంపింది, కొడుకును దుబాయికి సాగనంపింది, తర్వాత కోడల్ని కూడా. బస్సు జగిత్యాల దారి పట్టి కనిపించకుండా పోయాక కూడా చెయ్యి ఊపుతూ నిలబడటం ఆమెకు బాగా వచ్చు. ఆ పని ఇంకోసారి చేయడం మాత్రం తన వల్ల కాదు.

అలాగని పోవద్దని అడగలేదు. పిల్లకు పట్నం మీద మనసుందేమో.

అందుకే పోయిన ఇంటర్వ్యూ మధ్యలో మిక్సీలో కారం పట్టింది. అంతకుముందు వైఫై డబ్బా మీద దుమ్ము తుడవబోతే ప్లగ్గు ఊడింది. అది పొరపాటని ఇప్పటికీ అంటుంది.

"గీసారి ఏం ప్రశ్న?" అంది నర్సక్క, సంగతి కనుక్కుందామని.

"నంబర్ల మీద. రా, చెప్త."

ప్రవళిక బియ్యం డ్రమ్ము మీదున్న సోల, తవ్వ, మానిక తెచ్చి వరసగా పెట్టింది. నర్సక్క ఇంకా వాటితోనే కొలుస్తుంది.

"ఒకటే పేరుతోటి మూడు ఫంక్షన్లు, అంటే కంప్యూటరు చేసే పనులు, ఉన్నయనుకో. చిన్న నంబరుకు షార్ట్, గీ సోల. నడిమి దానికి ఇంట్, గీ తవ్వ. పెద్దదానికి లాంగ్, గీ మానిక. పేరు పెట్టి పిలిస్తే, నంబరు సైజు చూసి కంప్యూటరే తగినదాన్ని ఎంచుకుంటది."

"మంచిగనే ఉంది."

"ఇగ చూడు." ప్రవళిక తవ్వను వీపు వెనక దాచింది. "నడిమిది తీసేసిన. కానీ తవ్వెడు బియ్యమే తెచ్చిన. ఏ దాంట్ల పోస్తవ్?"

"అడుగుడేంది? మానికల పోస్త. ఒలకకుంటుంటయ్."

"అందరు గట్లనే అంటరు." ప్రవళిక ముఖం వెలిగింది. "తప్పు. సోలకైనా, మానికకైనా నంబరు మారాల్సిందే. కంప్యూటరుకు రెండూ ఒక్కతీరు. అటా ఇటా తేల్చుకోక, నాతోని కాదని ఆగిపోతది."

"పిచ్చిదా ఏంది అది?"

"పిచ్చిది కాదు, నాయినమ్మా. నీ లెక్కనే. తేల్చి చెప్పదు."

నర్సక్క ఉలిక్కిపడి తవ్వ గుంజుకుంది. "నా బియ్యం నేను కొల్సుకోవద్దా? ఇటు తే."

టైమైంది. ప్రవళిక హెడ్‌ఫోన్ పెట్టుకుంది. కుక్కర్ కూత మీద కూత పెట్టింది. ప్రవళిక లేచి తలుపు మూసుకుంది. నర్సక్క తలుపుకు చెవి ఆనించింది.

"అవునండి, పేరు ఒక్కటే. ఫంక్షన్లే వేరు."

కుక్కర్ ఇంకో కూత పెట్టింది.

"అవునవును. సైజును బట్టే."

అన్నీ సాఫీగా సాగుతున్నాయి. నర్సక్కకు అదే భయం. లోపల ప్రవళిక గొంతులోనూ ఏదో కంగారు.

"ఇంట్ తీసేస్తే... షార్ట్, లాంగ్ రెండే మిగిలితే..."

కుక్కర్ కూడా ఊపిరి బిగబట్టింది.

"లాంగ్..." అంది ప్రవళిక మెల్లగా.

నర్సక్క కళ్లు మూసుకుంది. ఆ జవాబు తప్పని ఇప్పుడు ఆమెకూ తెలుసు.

"సరేనండి. థాంక్యూ."

తలుపు తెరుచుకుంది.

"పోయిందా?"

"పోయింది."

"అయ్యో, పాపం," అంటూ నర్సక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రవళిక ఎందుకో అటు తిరిగి నిలబడింది. ఇద్దరి భుజాలూ కదులుతున్నాయి.

"కాళ్లు కడుక్కొని రా. పప్పు ఉడికింది. సర్వపిండి గూడ చేసిన."

"ఇంటర్వ్యూ పోతదని ముందే చేసినవా?"

"ఆకలైతదని చేసిన."

ఫోన్ మోగింది. హైదరాబాద్ నుంచి మేనేజర్. ప్రవళిక గొంతు సవరించుకుని, ముఖం నిండా విచారం తెచ్చుకుని ఎత్తింది.

"లేద్సార్, ఈ అబ్బాయిని కూడా ఆ ప్రశ్న దగ్గరే ఫెయిల్ చెయ్యాల్సొచ్చింది, నా సీట్లోకి మంచి మనిషి దొరికేదాకా హైదరాబాద్‌కు రాకుండ నేనిట్ల కోరుట్ల నుంచే పని చెయ్యక తప్పేటట్టు లేదు."