పూలు లేని మంద

కనుమ దిగుతుంటే చీకటి పడింది. దారంతా నా సైకిల్ చప్పుడొక్కటే. మలుపు తిరగ్గానే ముందు మా ఆవులు, కొండ మీంచి ఊరికి దిగుతున్నాయి. కొమ్ములకు పూలు లేవు, మెడగంటల్లో గడ్డి కుక్కారు. వేసవంతా కొండ మీద మేసిన మందను పూలు కట్టి, గంటలు మోగిస్తూ దించడం మా ఆచారం; ఆ వేసవిలో ఇంట్లో ఎవరైనా పోతేనే ఇలా తోలుకొస్తాం.

ఎవరు లేరో లెక్కపెట్టాను. ముందు అమ్మ నడుస్తోంది, వెనక అన్న విగిల్, వదిన బుర్గా. నాతో కలిపి ఇంట్లో ఉండేదే నలుగురం.

"అన్నా, ఎవరు పోయారు?"

విగిల్ తల తిప్పలేదు. "నడువమ్మా," అన్నాడు అమ్మతో. "ఆ మొండివెధవ ఎప్పుడు మన మాట విన్నాడు గనక!"

ఎవర్ని తిడుతున్నాడో అర్థం కాలేదు. చిరాకేసి సైకిల్ గంట గట్టిగా నొక్కాను. మోగలేదు.

వేలు పెట్టి తడిమాను. లోపల గడ్డి కుక్కి ఉంది.