మొదటి ఆమేన్

"చావుబతుకుల మీద అధికారం ప్రభువుదే. ఆయన పిలిచిండు, సుశాంత్ పోయిండు," అన్నాడు పాస్టరు, సమాధి గుంట పక్కన నిలబడి.

"ఆమేన్!"

అందరికంటే ముందు, గట్టిగా అన్నది మహిధర్. చర్చి గడప ఎన్నడూ తొక్కని మనిషి. నిన్న సుశాంత్ మీద బండ విరిగిపడింది తాండూరులోని ఆయన నాపరాళ్ల గనిలోనే.

పిడికెడు మట్టి వేయబోయిన తల్లి రెబెక్క ఆగిపోయింది.

"అయ్యగారూ, గనిల బండ పగుళ్లిచ్చిందని నా కొడుకు పోనన్నడు. ఏం గాదు, రమ్మని ఫోన్ చేసి పిలిచింది ప్రభువా?"

పాస్టరు గొంతు తగ్గించాడు. "ఊకో రెబెక్కా. మన చర్చికి బండలిచ్చిన సారు. మట్టి వెయ్యి."

రెబెక్క మహిధర్ దగ్గరికి నడిచి, ఆ మట్టిని ఆయన అరచేతిలో పోసింది.

"నువ్వే వెయ్యి సారూ. పిలిచింది నువ్వే."