తిట్లు మాత్రమే తెలిసిన పెట్టె

బతికుండగా అన్న మాటలు రికార్డు చేసి నింపితే, పోయినవాళ్ళ గొంతుతో మాట్లాడే పెట్టె ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉంది. మా ఆవిడ గొంతు నాకు పొద్దున్నే మాత్రలు గుర్తుచేస్తుంది. అంతవరకు మేలే. మా అనకాపల్లి బెల్లం కంపెనీలో మాత్రం పెట్టె డైరెక్టర్ల సమావేశంలోనే కూర్చుంటుంది.

యజమాని అప్పలస్వామి గారు పోయాక కంపెనీ, ఆడపిల్లల కబడ్డీ జట్టు ఆయన కూతురు హైమకు వచ్చాయి. ఆ జట్టుకు కోచ్‌ని నేను. ఆదివారం మావాళ్ళు ఓడిపోయారు. సోమవారం సమావేశానికి నన్నూ పిలిచారు. ఓడిన మాట వినగానే అప్పలస్వామి గారి పెట్టె అరిచింది.

"దండగమారి జట్టు! ఎత్తేయండి!"

డైరెక్టర్ సన్యాసినాయుడు చేతులు కట్టుకుని లేచాడు. "అయ్యగారి మాటయిపోయింది గదమ్మా. ఇంకేటుంది, ఎత్తీడమే."

హైమ ముఖం ఎర్రబడింది. "ఓడిన ప్రతిసారీ నాన్న ఇలాగే అరిచేవారు బాబాయ్. మర్నాడు ఆ పిల్లలకే కోడిపులుసు వండించి పంపేవారు. తిట్లన్నీ పట్టి దీన్లో పోశారు. పులుసు పంపేటప్పుడు ఆయన నోరు విప్పేవారా, పట్టుకోడానికి?"

"అలాగని అయ్యగార్ని కాదంటామేటమ్మా?"

"బతికుండగానే కాదన్నాను. ఇప్పుడు డబ్బాకి దణ్ణం పెట్టాలా? వాటాలు నా పేర ఉన్నాయి. జట్టు ఉంటుంది."

"నోర్ముయ్ హైమా!" అంది పెట్టె.

నాయుడు కంగారుగా దాని గొంతు తగ్గించబోయాడు.

"తిట్టనివ్వండి," అంది హైమ కళ్ళు తుడుచుకుంటూ. "ఆయనున్నప్పుడూ తిట్లు తింటూనే కదా జట్టు నడిపాను."

పెట్టె అరుస్తూనే ఉంది. ఆమె గొంతు పెంచి నన్నడిగింది.

"మాస్టారూ, రేపు ప్రాక్టీసు ఎన్నింటికి?"