ఒట్టి ఫ్లాష్

"ఎండెంతుందో తెలుసుకోడానికి మిషను కొన్నావా నాయనా?" అన్నాడు స్టూడియో నడిపే ముసలి వెంకటకృష్ణయ్య, శశిధర్ తెచ్చిన పాత లైట్ మీటరును అటూ ఇటూ తిప్పి చూస్తూ. "తెనాల్లో ఎండకి మిషనెందుకు? చెప్పుల్లేకుండా బయట నిలబడు, అదే చెబుతుంది."

శశిధర్ వడ్లమూడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. రీలు ఫొటోగ్రఫీ మాత్రం తనకి ఇంకా ఎవరూ నేర్పలేదు. కళ రాకపోయినా సామాను పుష్కలంగా వచ్చింది. తాతల నాటి కెమెరాలు మూడు, ముల్లు తిరిగే మీటర్లు రెండు, తోలు సంచి ఒకటి. ఇప్పటిదాకా తీసిన రీళ్లు రెండే. మొదటిదాంట్లో సూర్యలంక సముద్రం తెల్లగా, రెండోదాంట్లో తెనాలి కాలువ నల్లగా వచ్చాయి. అదొక శైలి అని స్నేహితులకు చెప్పుకున్నాడు. తన పెళ్లి ఫొటోలు కూడా రీలు మీద తనే తీస్తానన్నాడు. పెళ్లికొడుకు పీటల మీద కూర్చుని తనని తాను ఎలా తీసుకుంటాడని ఎవరూ అడగలేదు.

"ఆ డబ్బాలు మెళ్లో వేసుకు తిరిగే బదులు, మా పెళ్లికి తీసినాయన దగ్గర నేర్చుకోరాదూ" అంది తల్లి రాధారాణి. ఆల్బం వెనక ముద్రలో ఉన్న అడ్రసు తనే చదివి చెప్పి, ఒక ఆవకాయ సీసా చేతికిచ్చి పంపింది.

ఆ ఆల్బాన్ని వాళ్లింట్లో బయటికి తీయడమే వింత. ఇరవై ఎనిమిదేళ్ల కిందట ఆ పెళ్లిలో మేనత్త ఉమామహేశ్వరి పట్టుచీర కట్టి, కాసులపేరు వేసుకుని దంపతులతో ఫొటోకి నిలబడింది. ఫ్లాష్ కళ్లలో పడింది. తీరా ఆల్బంలో ఆవిడ లేదు. "నా ఫొటో కావాలనే తీయించేశారు" అని తమ్ముడి ముఖం మీదే అనేసి రేపల్లె బస్సెక్కిన మనిషి, మళ్లీ తెనాల్లో దిగలేదు.

ఇప్పుడు శశిధర్‌కి బాపట్ల సంబంధం కుదిరింది. పిల్ల పేరు గీతిక. ముహూర్తం నెల రోజుల్లో ఉంది. "అక్కయ్య వచ్చి హారతివ్వందే వాణ్ణి పెళ్లికొడుకుని చేసేది లేదు" అని తండ్రి ప్రకాశరావు భీష్మించుకున్నాడు. ఇది తేలేదాకా శుభలేఖలు వేయించేది లేదని గీతిక వాళ్లు కబురు చేశారు. రేపల్లె వెళ్లిన ముగ్గురు పెద్దమనుషులకు కాఫీ మాత్రం దొరికింది.

ఇంత జరుగుతున్నా శశిధర్ పాఠాలు మానలేదు.

"ఈ బీరువా చూశావా? నేను తీసిన నెగెటివులన్నీ ఇందులోనే ఉన్నాయి. ఒక్కటి పారెయ్యలేదు" అన్నాడు వెంకటకృష్ణయ్య మొదటి రోజు. "నా వేలు పడిందంటే బొమ్మ పడాల్సిందే."

మూడో రోజు, మూడో సీసా అందుకున్నాక, అడక్కుండానే ఇంకో పాఠం చెప్పాడు.

"రీలుకి ముప్పై ఆరు బొమ్మలు. పెళ్లికి మూడొందల మంది చుట్టాలు. అందరూ నన్ను తియ్యి, నన్ను తియ్యి అనేవాళ్లే. అప్పుడు కెమెరా నొక్కకుండా ఒట్టి ఫ్లాష్ వెలిగించేవాళ్లం. మెరుపొస్తుంది, బొమ్మ పడదు. వాళ్లు సంతోషంగా భోజనాలకి పోయేవాళ్లు."

శశిధర్ మీటరు బల్ల మీద పెట్టేశాడు. "మా అత్తయ్యకీ అలాగే చేశారా తాతగారూ?"

"కాసులపేరు వేసుకున్నావిడేగా? ఆవిడకే."

"ఇన్నేళ్లయినా గుర్తుందాండి?"

"మర్చిపోయే మనిషా నాయనా."

మర్నాడు శశిధర్ రేపల్లె బస్సెక్కాడు. ఉమామహేశ్వరి అంతా విని, నమ్మకుండా, "ఆయన్నే నా ఎదురుగా చెప్పమను" అని అతనితోనే బయల్దేరింది.

స్టూడియోలో వెంకటకృష్ణయ్య చేతులు జోడించి ఒప్పుకున్నాడు. "నాదే తప్పు తల్లీ. ఒట్టి ఫ్లాషే కొట్టాను."

"నీ ఫ్లాషు మండా" అని మొదలుపెట్టి అరగంట తిట్టింది. ఆ ముఖంలో వెలుతురెంతుందో చూద్దామని శశిధర్ మీటరు పెట్టాడు. ముల్లు కదల్లేదు. అంతలో ఆవిడ స్టూలు మీద కూలబడి ఏడ్చేసింది.

"బంగారం లాంటి తమ్ముణ్ణి అనుమానించానురా. ఇన్నేళ్లు పండక్కి కూడా పలకరించలేదు."

సాయంత్రం గుమ్మంలో అక్కని చూసి ప్రకాశరావు ఎదురెళ్లాడు. ఆవిడ చేతిలో సంచి అందుకుని, దాన్నే పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాడు. రాధారాణి వంగి కాళ్లకు దణ్ణం పెట్టింది.

"ఇన్నాళ్లకి నిజం బయటపడింది వదినా."

"నీ తప్పేం లేదులే రాధా. ఆ ముసలాయన చేసిన పని."

పెళ్లి బాపట్లలో బ్రహ్మాండంగా జరిగింది. మేనత్త హారతిచ్చింది. పెళ్లికొడుకు చేతులు కంకణంతో ఖాళీ లేకపోవడంతో ఫొటోలు తీసే భాగ్యం వెంకటకృష్ణయ్యకే దక్కింది. కాసులపేరుతో ఉమామహేశ్వరి వేదికెక్కి, కెమెరాకి ఎదురుగా నిండుగా నిలబడింది. రాధారాణి గబగబా వెళ్లి, కోడలి చెయ్యి పట్టి లాగి, "ముందుకి రా అమ్మా, కనబడవు" అని ఒక అడుగు జరిపింది.

"ఈసారైనా పడిందా?" అంది ఉమామహేశ్వరి.

"పడిందమ్మా" అన్నాడు వెంకటకృష్ణయ్య.

వారం తర్వాత నాలుగో సీసా ఇవ్వడానికి రాధారాణి ఒక్కతే స్టూడియోకి వచ్చింది. వెంకటకృష్ణయ్య బీరువాలోంచి పాతబడి పసుపురంగుకి తిరిగిన కవరు తీసి ఆమె ముందు పెట్టాడు.

"నీ కోసం ఈ వయసులో అన్ని తిట్లు తిన్నాను. ఇక దీన్ని నువ్వే దాచుకో తల్లీ."

రాధారాణి కవరులోని నెగెటివును కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసింది.

"వదిన వెనక నేను కనబడలేదనేగా బాబాయిగారూ, దీన్ని ఆల్బంలో పెట్టొద్దన్నాను."