చెయ్యెత్తకూడదు

"కార్మికుల మీద ఎవరూ చెయ్యెత్తకూడదు. ఎత్తితే ఉద్యోగం ఊడుతుంది."

కంపెనీ మొత్తానికి జనరల్ మేనేజరునయ్యాక అన్ని ఫ్యాక్టరీలకూ నేను పంపిన మొదటి ఆర్డర్ అది. మా దగ్గర పని నేర్పేదే చెంపదెబ్బతో. నాకు నేర్పింది ప్రెస్ సెక్షన్ ఫోర్‌మన్, మా బాబాయే. ఆయన కొట్టిన దెబ్బకి నా ఎడమ చెవి ఇప్పటికీ వినపడదు.

ఆర్డర్ ఎలా అమలవుతోందో చూద్దామని ఆయన సెక్షన్‌కే వెళ్లాను. నా కళ్లముందే ఒక కార్మికుడు, ఇరుక్కున్న రేకును లాగబోయి, దిగుతున్న ప్రెస్ కింద చెయ్యి పెట్టాడు.

ఒక్క అంగలో వెళ్లి అతని చెంప పగలగొట్టాను. పెదవి చిట్లి, నెత్తురోడుతూ వెల్లకిలా పడ్డాడు. అతని చెయ్యి ఉన్నచోట ప్రెస్ దభేలున దిగి, రేకును నుజ్జు చేసింది.

అవతలి పక్కనుంచి వాణ్ణి కొట్టడానికి అప్పటికే పైకి లేచి ఉన్న తన చేతిని మెల్లగా దించుకుంటూ బాబాయి నవ్వాడు.

"చూశావా అమ్మాయ్? దెబ్బకి దెయ్యమైనా దిగుతుంది. నువ్వు కొట్టబట్టే వాడికి చెయ్యి మిగిలింది. చింపెయ్ నీ ఆర్డర్!"

సెక్షనంతా గొల్లున నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. కిందపడ్డవాణ్ణి లేపి నిలబెడుతూ, ఆసరాకి పక్కనున్న స్తంభం పట్టుకున్నాను. నా చేతికి ఏదో గుండ్రంగా తగిలింది. తల తిప్పి చూశాను.

"మిషన్ ఆపే ఎర్ర బటన్ మనిద్దరి మధ్యనే ఉంది, బాబాయ్. ఒక్కరి చెయ్యీ దాని మీదకి పోలేదు."