బాలరాజు చెయ్యెందుకు తట్టిండు?

"ఆపు! ఆడనే ఆపు!" దయాకర్ కేక వేశాడు.

బాలనర్సింహ రిమోట్ నొక్కాడు. టీవీలో బొమ్మ ఆగిపోయింది. ఇలా ఆగడం పదకొండోసారి.

ఆ టీవీ బాలరాజుది. మొన్న ఆదివారం దాకా మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ చాంపియన్ బెల్టు కూడా అతనిదే. ఇప్పుడు నాచారంలోని తన ఇంట్లోనే గోడకు ఆనుకుని దొంగలా కూర్చున్నాడు. ఎదురుగా అతని అభిమాన సంఘం. అధ్యక్షుడు దయాకర్, ఆటో నడిపే కార్యదర్శి బాలనర్సింహ, వెనక మల్లాపూర్ ఫ్యాక్టరీల నుంచి వచ్చిన ఆరుగురు. మొన్నటిదాకా భుజాల మీద మోసినవాళ్ళే, ఇవాళ కేబుల్ ఆఫీసులో సీడీ చేయించుకుని మరీ నిలదీయడానికి వచ్చారు.

"నలభై సెకన్లు!" దయాకర్ తెర వైపు చెయ్యి చూపాడు. "ఇంక నలభై సెకన్లు ఆగితే బెల్టు మనదే. కింద వాడు, మీద నువ్వు. ఒక్క దెబ్బ గూడ గట్టిగ తాకలే. మరి చెయ్యెందుకు తట్టినవ్ రా?"

ఆ ఆటలో చేత్తో తట్టడమంటే, నావల్ల కాదు, ఓడిపోయానని ఒప్పుకోవడం. రెఫరీ చూశాడా, అక్కడికక్కడే ఆట ఖతం.

"అలవాటుల అయిపోయిందన్నా," అన్నాడు బాలరాజు నేలచూపులు చూస్తూ.

"అలవాటా? విన్నరా? మ్యాచులు అమ్ముకునుడు సారుకు అలవాటంట!"

"గట్ల కాదన్నా."

"మరెట్లనో చెప్పు."

"చెప్తే నవ్వుతరు."

దయాకర్ నవ్వే స్థితిలో లేడు. చౌరస్తాలో బాలరాజు ఫ్లెక్సీ కట్టించింది అతనే. కింద తన ఫొటో కూడా, కాస్త చిన్నగా, వేయించుకున్నాడు. రెండు రోజులుగా ఉప్పల్ నుంచి మేడిపల్లి దాకా ఎవరు ఎదురుపడినా, అతన్ని చూసి గాల్లో రెండుసార్లు తట్టి మరీ పోతున్నారు. అన్నం సహించడం లేదు. అందుకే కాగితం రాసుకొచ్చాడు. మా బాలరాజు మ్యాచ్ అమ్ముకున్నాడు, విచారణ జరపండి అని పోటీ నడిపినవాళ్ళకు ఫిర్యాదు. కింద ఎనిమిది సంతకాలు. సొంత అభిమానులే ఇలా రాసిస్తే, ఇక ఈ జన్మలో బాలరాజును ఎవరూ బరిలోకి దిగనివ్వరు.

"చెంగిచెర్లల ప్లాటు కొన్నడంట గదా," వెనక నుంచి ఎవరో గొణిగారు. "రెండొందల గజాలు."

"మూడొందలని విన్న నేను."

"నిప్పు లేనిదే పొగ రాదు," అన్నాడు బాలనర్సింహ.

గడప పక్కన కూర్చుని పుంటికూర ఆకు గిల్లుతున్న ఐలమ్మ తలెత్తింది. "నా కొడుకు అమ్ముడువొయ్యేటోడు కాదు బిడ్డా. వానికి నడిచుడు రాకముందే పద్ధతి నేర్పిన."

"నువ్వు ఊకో పెద్దమ్మా. నీకు గీ ఆట ఏం తెలుసు?" దయాకర్ కసిరాడు. "నర్సింహా, ఇంకోసారి పెట్టు."

బొమ్మ కదిలింది. బాలరాజు ప్రత్యర్థిని కిందికి అదిమాడు. బొంబాయి నుంచి వచ్చిన రెఫరీ, తెల్లగడ్డం పెద్దమనిషి, దగ్గరగా చూద్దామని వెనక నుంచి వంగాడు. బాలరాజు పట్టు కోసం కుడికాలు వెనక్కి విదిలించాడు. మరుక్షణం వెనక్కి తిరిగి, చెయ్యి చాచి రెండుసార్లు తట్టాడు. రెఫరీ వీపు అడ్డమొచ్చి, దేనిమీద తట్టాడో కనిపించలేదు. ఆ చెయ్యి నేరుగా ముఖం మీదికి పోయింది. రెఫరీ చేతులూపి ఆట ఆపేశాడు.

"గిది సూడన్నా!" బాలనర్సింహ బొమ్మ ఆపి, తెరమీద వేలు పెట్టాడు. "రెఫరీ మోకాలు రుద్దుకుంటుండు. ఉట్టిగనే ఎందుకు రుద్దుకుంటడు? గదే సైగ! ఇగ తట్టు అని."

"మరి వీడు కండ్ల మీద వేళ్ళు పెట్టుకునుడు?" దయాకర్ అడిగాడు.

"సిగ్గు! తప్పు జేసినోడు కండ్లు మూసుకోక ఏం జేస్తడు?"

అందరూ బాలరాజు వైపు చూశారు. బాలరాజు తల ఇంకా కిందికి దించుకున్నాడు.

దయాకర్‌కు ఒళ్ళు మండిపోయింది. కాగితం పట్టుకుని దిగ్గున లేచాడు.

"అయిపోయింది. ఇగ నీకూ మాకూ ఏం లేదు. ఈ కాగితం సక్కగ తీస్కపోయి ఇచ్చేస్త. ఇన్నేండ్లు నీ ఎనక తిరిగినందుకు మంచి బుద్ధి జెప్పినవ్!"

విసురుగా గడప వైపు నడిచాడు. ఇరుకు గది. అతని కాలు ఐలమ్మ మోకాలికి టక్కున తగిలింది.

"నమ్మినోళ్ళను నట్టేట ముంచినవ్," అని అరుస్తూనే దయాకర్ వంగాడు. ఐలమ్మ మోకాలిని రెండుసార్లు తాకి, ఆ వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు. "నీ మొకం మళ్ళ సూడ!"

బాలరాజు చివ్వున తలెత్తాడు.

"ఆగన్నా! ఆడనే ఆగు!"

దయాకర్ కళ్ళమీద వేళ్ళతో అలాగే ఆగిపోయాడు. టీవీలో బాలరాజు కూడా అచ్చం అలాగే ఆగి ఉన్నాడు. బాలనర్సింహ ఒకసారి ఇటు చూశాడు, ఒకసారి అటు చూశాడు. మెల్లగా రిమోట్ కింద పెట్టాడు.

"గిప్పుడేం జేసినవన్నా నువ్వు?" బాలరాజు అడిగాడు.

"ఏం జేసిన? పెద్దమనిషికి కాలు తాకింది, మొక్కిన," అన్నాడు దయాకర్ చిరాగ్గా. "గదేం ప్రశ్న?"

"గా బొంబాయి రెఫరీ ఈడ ఉంటే," అన్నాడు బాలరాజు, "నువ్వు ఓడిపోయినవని మా అమ్మ చెయ్యి పైకి లేపేటోడన్నా."